వాపసు గడువు

జూన్ 3

చెవి మిషన్ తెచ్చుకున్నాను. కొనుక్కున్నాను అని రాయడం లేదు. నెల రోజులు వాడి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చట. ఇచ్చిన డబ్బంతా వెనక్కి ఇచ్చేస్తారట. ఇన్నేళ్ళుగా చెప్పుల దుకాణం నడుపుతున్నవాణ్ణి, ఇలాంటి వ్యాపారం ఎక్కడా చూడలేదు. "మరి మీరు బతికేదెలా?" అని చెవులు పరీక్ష చేసిన అమ్మాయిని అడిగాను. "తిరిగి తెచ్చేవాళ్ళు తక్కువండీ" అని నవ్వింది. ఆ తక్కువలో నేనొకణ్ణి అని మనసులో అనుకుని సంతకం పెట్టాను. ఫోన్ నంబరు అడిగితే ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చాను.

నాకు చెవుడు లేదు. లోకం గొణుగుతోంది. ఈ మాట ఇంట్లోనూ దుకాణంలోనూ ఎన్నోసార్లు చెప్పాను, ఇప్పుడూ అదే అంటాను. కాకపోతే పోయిన వారం రోడ్డు దాటుతుంటే ముక్కూమొహం తెలియని మనిషెవరో నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. నా ముక్కు ముందు నుంచి లారీ వెళ్ళిపోయింది. హారన్ కొడుతూనే ఉన్నాడట. అందుకని ఒకసారి చూద్దామని వెళ్ళాను, అంతే.

మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ తమ్ముడికీ చెప్పలేదు. వాడు నా దుకాణంలో సగం వాటాదారు. తెలిస్తే అక్కా తమ్ముడూ ఒకటై "మేం చెప్పలేదూ" అని నన్ను బతకనివ్వరు. మిషన్ చెవిలోకి దూరిపోయేంత చిన్నది, ఎవరికీ కనపడదు. గడువు లోపల తిరిగిచ్చేస్తాను.

జూన్ 4

కాగితానికి చప్పుడు ఉంటుందని మర్చిపోయాను. పొద్దున పేపరు తిరగేస్తే ఉలిక్కిపడి కింద పెట్టాను. ఫ్రిజ్ నాలాగే రోజంతా సణుగుతుంది. ఇన్నాళ్ళూ దాన్ని నోరులేనిదనుకున్నాను. మెట్లు దిగుతుంటే వెనక ఎవరో వస్తున్నారని రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరు, నా అడుగులే.

సాయంత్రం వాన వచ్చింది. వానంటే కనపడేది, తడిపేది అనే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. కిటికీ దగ్గర నిలబడి విన్నాను. రేకు మీద ఒక రకం, ఆకుల మీద ఒక రకం, కింద ఎవరిదో సైకిలు సీటు మీద ఇంకో రకం. అన్నీ ఒకేసారి, దేనికదే విడివిడిగా. ఇదంతా రోజూ జరుగుతూనే ఉందా, నేను లేకుండానే?

"ఏం చూస్తున్నారు అలా?" అని మా ఆవిడ నా ముందుకి వచ్చి గట్టిగా అడిగింది.

"ఏం లేదు. వాన."

కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. కొత్త మిషన్ కదా, చెవిలో ఒరుసుకుంటే కళ్ళలో నీళ్ళు వస్తాయేమో. ఆ అమ్మాయిని అడగాలి.

జూన్ 5

చెప్పులు మాట్లాడతాయి.

బావమరిది బ్యాంకుకి వెళ్ళినప్పుడు దుకాణం తలుపు దగ్గరగా వేసి, నా సైజువి ఒక్కొక్కటీ తొడుక్కుని నడిచాను. రబ్బరు అడుగుది మెత్తగా ముద్దు పెట్టినట్టు లేస్తుంది. తోలు బూటు ప్రతి అడుగుకీ దగ్గుతుంది. కంపెనీ నల్ల బూటు ఒకటి ఉంది, అది మరీ కిర్రుకిర్రుమంటుంది, ఎడమకాలిది ఎక్కువ. కౌంటరు నుంచి గుమ్మం దాకా ఎన్నిసార్లు తిరిగానో. పెద్దమనిషిని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు అని కూడా తట్టలేదు. ఇన్ని వేల జతలు అమ్మాను. ఒక్కదాని గొంతూ నాకు తెలియదు.

"కిర్రుమంటోందండీ, మార్చి ఇవ్వండి" అని తెచ్చినవాళ్ళు గుర్తొచ్చారు. అందరినీ అటూ ఇటూ నడిపించేవాణ్ణి. వంగి మరీ వినేవాణ్ణి. "ఏ చప్పుడూ లేదే" అని ఒట్టేసి పంపేవాణ్ణి. అబద్ధం ఆడలేదు. నాకు నిజంగా ఏమీ వినపడలేదు.

జూన్ 6

మా ఆవిడ మాట్లాడుతుంది.

నాతో కాదు. నాతో ఎదురుగా వచ్చి, గొంతు పెంచి, "అన్నం పెట్టాను", "తాళం ఎక్కడ", "పడుకోండి" అని మూడే మాటలు. కొన్నేళ్ళుగా అంతే. ఆవిడ సహజంగానే తక్కువ మాట్లాడే మనిషి అనుకున్నాను. ఈ రోజు నేను హాల్లో వంటింటి వైపు వీపు పెట్టుకుని పేపరు చదువుతున్నాను. వెనక నుంచి గొంతు. మొదట రేడియో అనుకున్నాను.

"అదుగో, మళ్ళీ అదే పేజీ. పొద్దున చదివినదే కదయ్యా. ఇవాళ కూరగాయలమ్మి ఏమందో తెలుసా నీకు? ఎలా తెలుస్తుందిలే..." అని మొదలుపెట్టి కూరగాయలమ్మి, ఆవిడ కోడలు, పై వాటా వాళ్ళ పిల్లి, తన మోకాలు, అన్నీ చెప్పింది. నా బదులు తనే జవాబు చెప్పుకుంది, నా గొంతుతో. "ఊఁ, అలాగా, సరే కానీ టీ పెట్టు." ముమ్మూర్తులా నేనే. మూతి బిగబట్టుకుని కూర్చున్నాను.

ఎదురుగా ఉంటే అండీ. వీపు వెనక నువ్వు.

ఎంత మంచి గొంతు. కాస్త బొంగురు, చివర చిన్న సాగదీత. పెళ్ళైన కొత్తల్లో విన్న గొంతే, అయితే అందులో ఇప్పుడు చాలామంది మనుషులున్నారు. ఇంత పెద్ద మనిషి నా వెనక ఇన్నేళ్ళు తిరుగుతోందా. పేపరు తలకిందులుగా పట్టుకున్నానేమోనని భయం వేసింది. లేదు, సరిగానే ఉంది.

జూన్ 8

ఎల్లుండి నుంచి దుకాణంలో తగ్గింపు. బావమరిది కొత్త పేచీ తెచ్చాడు.

"బావా, ఈ మధ్యే కొన్నవాళ్ళు బిల్లు తెచ్చి చూపిస్తే ధరలో తేడా ఇచ్చేద్దాం. నచ్చనివి, వాడనివి తెస్తే వెనక్కి తీసుకుందాం. బోర్డు రాయిస్తాను."

"ఎందుకివ్వాలి? వాళ్ళు కొన్న రోజు ధర అది. ఇష్టపడే కొన్నారు. రేపు ధర పెరిగితే వాళ్ళొచ్చి మనకి తేడా ఇస్తారా?"

"ఇవ్వరు. కానీ మళ్ళీ మన దగ్గరికే వస్తారు."

"బేరం అంటే తెగిపోవాలిరా. ఇంటికెళ్ళాక కూడా తెగకపోతే అది బేరమా, కాపురమా?"

వాడు అటు తిరిగి, "ఈయనకి చెప్పడం కన్నా అద్దానికి చెప్పుకోవడం నయం" అన్నాడు. స్పష్టంగా వినపడింది. వాడు నిజంగానే గొణుగుతాడు. నేను ఇన్నాళ్ళూ చెప్పింది నిజమే.

జూన్ 9

రాయాలని లేదు.

సాయంత్రం ఆవిడ గిన్నెలు సర్దుతోంది. మామూలుగానే మొదలుపెట్టింది. తర్వాత, "పెద్దక్క వచ్చేయమంటోంది. తనొక్కతే, నేనొక్కదాన్నే, కలిసుందాం అంటోంది. నేనొక్కదాన్నేమిటి, ఆయన ఉన్నాడుగా అన్నాను. ఉన్నాడా అంది. ఏం చెప్పను? గోడకి చెబితే కనీసం నా మాట నాకు తిరిగి వినపడుతుంది. ఈ నెలాఖరుకి వెళ్తాను. చూసి వస్తానని చెబుతాను నీకు. ఇక రాను."

గిన్నెలన్నీ వరసలో పెట్టింది, చప్పుడు చేయకుండా. తర్వాత ఎదురుగా వచ్చి, "అన్నం పెట్టాను" అని గట్టిగా చెప్పింది.

వెళ్ళి తిన్నాను.

జూన్ 10

అడగలేను. అడిగితే ఎలా విన్నావంటుంది.

జూన్ 11

మనిషి కోపంలో ఏవేవో అంటుంది. అన్నవన్నీ చేస్తుందా? నేను ఈ దుకాణం మూసేస్తానని ఎన్నిసార్లు అనలేదు.

అటక మీంచి పెట్టె దించింది. బూజు దులపడానికేనేమో.

జూన్ 12

టీచరమ్మ వచ్చింది. పోయిన నెల "క్లాసులో నడుస్తుంటే పిల్లలు నవ్వుతున్నారండీ" అని బూట్లు తెచ్చి, నేను ఒట్టేస్తే నమ్మి వెళ్ళిపోయినావిడ. ఈసారి చెప్పుల కోసం రాలేదు, మేనకోడలికి సాక్సులు కావాలట. కానీ అవే కాళ్ళకి ఉన్నాయి. గుమ్మంలోకి రాకముందే వినపడింది. ఆ కంపెనీ నల్ల బూట్లే, ఆడవాళ్ళ రకం. ఎడమకాలిది ఎక్కువ.

బావమరిది భోజనానికి వెళ్ళాడు.

"ఇలా కూర్చోమ్మా, అవి విప్పు" అన్నాను. వేరే జత తెచ్చి తొడిగాను. నడవమన్నాను. కళ్ళు మూసుకుని విన్నాను. బాగా లేదు, ఇంకో జత తెచ్చాను. మూడోదానికి చప్పుడు లేదు, నేల మీద అడుగు పడుతున్న ధ్వని తప్ప. ఎంత హాయిగా ఉందో అలా ఒక మనిషి నడక వినడం.

"డబ్బెంతండీ?" అంది.

"ఏమీ లేదు. అవి ఉంచేసి ఇవి తీసుకెళ్ళు."

ఆవిడ నన్ను అలా చూస్తూ నిలబడింది. వెళ్తూ గుమ్మం దగ్గర, నాకు వినపడదనుకునేమో, "మంచాయనే పాపం" అంది. పాపం ఎందుకో తెలియలేదు.

పాత జత ర్యాకు వెనక దాచాను. దుకాణం పుట్టాక వెనక్కి వచ్చిన మొదటి జత. దుకాణం కూలిపోలేదు. బావమరిదికి చెప్పలేదు.

జూన్ 15

ఆవిడ తీరు మారింది. వంటింట్లోంచి కాకుండా కూరగాయల పళ్ళెం తెచ్చుకుని హాల్లో నా వెనకే కూర్చుంది. తరుగుతూ చెప్పింది.

"నీకు తెలియదు కానీ, కొత్తల్లో నువ్వు మెట్లెక్కే అడుగు వింటే చాలు, ఆ రోజు బేరాలు ఎలా ఉన్నాయో నాకు తెలిసిపోయేది. బాగుంటే రెండేసి మెట్లు. బాగోకపోతే మధ్యలో ఆగేవాడివి, ఊపిరి పీల్చుకుని, మొహం సర్దుకుని, అప్పుడు పైకొచ్చేవాడివి. నేను తలుపు వెనకే ఉండేదాన్ని. నువ్వు మొహం సర్దుకునేదాకా ఆగి తీసేదాన్ని. ఒక్కరోజు కూడా తొందరపడి తీయలేదు."

మెట్ల మలుపు దగ్గర ఆగేవాణ్ణి. నిజమే. ఈ లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాను. నేను ఆగేవాణ్ణని నాకే సరిగ్గా తెలియదు. నన్ను ఒక మనిషి ఇంతలా విన్నది, ఇన్నేళ్ళు, తలుపు వెనక నిలబడి. నేను ఏం చేశానని?

ఇది వెళ్ళిపోయేముందు చెప్పుకునే మాటల్లా ఉంది. అదే భయం.

జూన్ 17

ఈ రోజు నా గొంతు పెట్టి దుకాణం నడిపింది. "కొంచెం బిగుతుగా ఉన్నా ఫరవాలేదమ్మా, వేసుకోగా వేసుకోగా అదే సాగుతుంది." తర్వాత తన గొంతుతో, "ఇన్నేళ్ళు వేసుకున్నాను. అది సాగలేదు. నేనే సాగాను" అంది.

నవ్వు ఆపుకోలేక దగ్గాను. చాలాసేపు దగ్గాను. మంచినీళ్ళు తెచ్చి ఎదురుగా పెట్టి, నా మొహంలోకి చూసింది. నేను గ్లాసులోకి చూశాను.

ఆ తర్వాత నవ్వు పోయింది. రెండో మాట ఇప్పుడు గుచ్చుకుంటోంది.

జూన్ 18

చిన్నగా పాడింది. ఈవిడకి పాట వచ్చా?

జూన్ 20

ఇలా జరిగింది. నేను పేపరు చదువుతున్నాను. ఆవిడ వెనక కుర్చీలో ఉంది. చేతిలో పనేమీ లేదు, కత్తి చప్పుడు లేదు. ఫ్యాను తిరగడం వినపడుతోంది.

"నన్ను వెళ్ళమంటావా, ఉండమంటావా?" అంది.

అంతే. మామూలు గొంతు. జవాబు కోసం ఆగినట్టు ఆగింది. గోడని అడిగినవాళ్ళు అంతసేపు ఆగరు. కానీ ఆవిడకి నేను గోడనే కదా, ఆవిడకేం తెలుసు. తిరిగితే పట్టుబడిపోతాను. ఇన్నాళ్ళూ దొంగచాటుగా విన్నవన్నీ లెక్కకొస్తాయి. రేపు చెబుదాం, నిదానంగా, ఎలాగో మొదలుపెట్టి. ఇవన్నీ ఆలోచిస్తూ పేజీ తిప్పాను. పేజీ తిప్పిన చప్పుడు ఇల్లంతా వినపడింది.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది.

జూన్ 21

చెప్పలేదు.

జూన్ 22

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మిషన్ పాడైందేమోనని తీసి తుడిచి పెట్టుకున్నాను. ఫ్రిజ్ వినపడుతోంది. మిషన్ బాగానే ఉంది.

జూన్ 25

నా వెనక ఒక్క మాట లేదు. ఎదురుగా వచ్చి గట్టిగా అదే మూడు మాటలు.

జూన్ 28

"పెద్దక్కకి ఒంట్లో బాగోలేదండీ. మంగళవారం సాయంత్రం బండికి వెళ్ళి చూసి వస్తాను" అని ఎదురుగా నిలబడి చెప్పింది.

"సరే" అన్నాను. ఒంట్లో బాగోలేని మనిషిని చూడకుండా ఎలా ఉంటుంది.

జూన్ 30

నిర్ణయించుకున్నాను. మిషన్ తిరిగిచ్చేస్తాను. గడువు దగ్గర పడింది, మొదటి నుంచీ అనుకున్నదే. ఎవరి గొంతు వినడానికి ఇక? తిరిగిచ్చేస్తే డబ్బు నాది, మిషన్ వాళ్ళది, విన్నది విననట్టే. లెక్క చెల్లు.

జూలై 2

ఈ రోజు దుకాణానికి వెళ్ళలేదు. పొద్దున్నే బావమరిదికి ఫోన్ చేసి, బోర్డు వాడికి నచ్చినట్టు రాయించుకోమన్నాను, వాపసూ తేడా రెండూ. "బావా, నువ్వేనా?" అన్నాడు. ఫోన్‌లో వాడి గొంతు నేను ఎన్నేళ్ళకి విన్నానో. వాడితో వాదించి ఓడిపోయి ఒప్పుకున్నది కాదు ఇది. వాడి వాదనలో ఇప్పటికీ నాకు లొసుగు కనపడుతోంది. కానీ నిన్న జరిగింది రాయాలి.

నిన్న మధ్యాహ్నం మిషన్ తీసుకుని ఆ చెవుల దుకాణానికి వెళ్ళాను. చెవిలోనే పెట్టుకెళ్ళాను, దారంతా వింటూ. బల్ల మీద పెట్టే ముందు ఆ అమ్మాయి కంప్యూటరులో చూసి, "తేడా డబ్బు కోసం వచ్చారా అండీ?" అంది.

"ఏం తేడా?"

"ఈ రకం ధర తగ్గింది కదా. నెల లోపల కొన్నవాళ్ళకి మేమే ఫోన్ చేసి తేడా వెనక్కి ఇస్తున్నాం. మీ ఇంటికీ చేశాం. మేడం గారు తీశారు. చెప్పలేదా?"

ఫోన్‌లో మాటలు నాకు అందవు కాబట్టి, ఎవరు నంబరు అడిగినా ఏళ్ళుగా మా ఆవిడదే ఇస్తాను. చెవిటితనం దాచుకోవడానికి తెచ్చుకున్న వస్తువుకీ ఆవిడ నంబరే ఇచ్చాను.

"ఎప్పుడు చేశారమ్మా?"

"పధ్నాలుగో తారీఖు. మొదట మేడం గారికి ఏ మిషనో అర్థం కాలేదు. నేను వివరంగా చెప్పాను. తర్వాత ఒకటే అడిగారు. వెనక కూర్చుని మామూలుగా మాట్లాడితే ఆయనకి వినపడుతుందా అని. గదిలో ఎక్కడ కూర్చున్నా వినపడుతుందండీ అని చెప్పాను. సంతోషించారండీ."

సంతోషించిందట.

కూరగాయల పళ్ళెం హాల్లోకి తెచ్చుకున్నది పదిహేనున. మెట్ల సంగతి చెప్పింది నాకు. పాట పాడింది నాకు. వెళ్ళమంటావా ఉండమంటావా అని అడిగింది గోడని కాదు, చెవులున్న మొగుణ్ణి. నేను పేజీ తిప్పాను. ఆ కుర్చీలో నన్ను ఆట పట్టించడానికి కూర్చోలేదు ఆవిడ. ఏ పూటైనా ఇటు తిరుగుతాడని కూర్చుంది. ముక్కూమొహం తెలియని దుకాణం నాకు నెల గడువిచ్చింది. మా ఆవిడ ఏళ్ళ తరబడి ఇచ్చింది, చివరికి నేను వింటున్నానని తెలిసి కూడా, రోజూ ఒక కొత్త మాటతో. అంత పెద్ద మనసు నా ఇంట్లోనే, నా వెనకే ఉందని నాకు నిన్న బల్ల ముందు నిలబడి తెలిసింది. ఆ అమ్మాయి కుర్చీ వేసింది.

"మిషన్ ఉంచుకుంటారా అండీ?"

జవాబు చెప్పానో లేదో గుర్తులేదు. తేడా డబ్బు తీసుకోకుండానే బయటపడ్డాను. బస్సు కోసం ఆగలేదు. ఈ వయసులో రోడ్డు మీద పరుగెత్తే మనిషిని చూసి జనం దారి ఇచ్చారు.

మెట్ల మలుపు దగ్గర ఆగలేదు.

పెట్టె గుమ్మం పక్కనే ఉంది, పైన మడిచిన శాలువా. ఆవిడ వంటింట్లో అటు తిరిగి అంట్లు తోముతోంది. కొళాయి ధారగా పోతోంది. ప్రయాణం పెట్టుకుని కూడా అంట్లు నా మీద వదిలి వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు కాబోలు. నేను గుమ్మంలో నిలబడి ఆవిడ వీపుతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఏది ముందు చెప్పాలో తెలియక చెప్పులు ఎలా చప్పుడు చేస్తాయో చెప్పాను. లారీ సంగతి చెప్పాను, ఆరో తారీఖు నుంచీ అన్నీ విన్నానని చెప్పాను, టీచరమ్మ జత ర్యాకు వెనక ఉందని చెప్పాను. నువ్వు పాడతావని నాకు తెలియదన్నాను. తిరగడానికి భయపడ్డానన్నాను. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకు ఫ్రిజ్ తప్ప ఇంకేమీ వినపడదన్నాను. వెళ్ళొద్దు, ఉండు అన్నాను.

ఆవిడ తిరగలేదు. గిన్నె తోముతూనే ఉంది. వీపు చూస్తే ఏమీ తెలియడం లేదు. వింటోందో లేదో, విని ఊరుకుందో. గొంతు పెంచి మళ్ళీ చెప్పాలా, ముందుకి వెళ్ళి నిలబడాలా, ఇక ఆపేయాలా. ఇన్నేళ్ళు ఆవిడ ఇలా నిలబడి ఎలా మాట్లాడగలిగిందో, ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆ ఓపిక. నాకు ఒక్కసారికే నోరు ఎండిపోయింది.

చివరి గిన్నె బోర్లించింది. కొళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీళ్ళ చప్పుడులో సగం వినపడలేదు. మొదటి నుంచి చెప్పు" అంది.

చెప్పాను. బండి వేళ దాటిపోయినా చెబుతూనే ఉన్నాను.